కైజరు ఎక్కని బోను

(ధారావాహిక: మూడో భాగం)

కిందటి భాగం నెపోలియన్ దగ్గర ఆగింది. ఏ నేరమూ మోపకుండా, ఏ కోర్టుకూ తీసుకెళ్ళకుండా ఆయన్ని ఓడ ఎక్కించి సెయింట్ హెలీనాకు పంపేశారు. బందీగా ఉంచుకోవడానికి చట్టమంటూ ఒకటుండాలని తర్వాత తట్టింది. 1816లో బ్రిటిష్ పార్లమెంటు ఆ పని కానిచ్చింది. శిక్ష ముందు, చట్టం వెనక. దాదాపు నూరేళ్ళ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకో చక్రవర్తి, జర్మనీ కైజరు, ఓడిపోయాడు. ఈసారి ముందు విచారణ జరగాలన్నారు, తర్వాతే శిక్ష అన్నారు. ఆ ముచ్చట ఎందుకు తీరలేదన్నదే ఈ వారం కథ.

1919 జనవరి 5, ఆదివారం రాత్రి. హాలండులో ఆమరోంగెన్ అనే చిన్న ఊరు. చుట్టూ నీటి కందకం ఉన్న ఒక పాత కోట ముందు అమెరికా సైన్యం కార్లు వచ్చి ఆగాయి. దిగినవాళ్ళు ఏడుగురు. వాళ్ళకు పెద్ద కర్నల్ ల్యూక్ లీ. టెనెసీ రాష్ట్రం తరఫున సెనేటర్‌గా పనిచేసినవాడు, అక్కడ పత్రిక నడిపినవాడు. ఎన్నికల్లో ఓడిపోయాక ఫిరంగి దళాన్ని వెంటేసుకుని ఫ్రాన్సులో యుద్ధం చేశాడు. కోట యజమాని కౌంట్ బెంటింక్ కుమారుడు వీళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఏం పని మీద వచ్చారని అడిగాడు.

"కైజరుతో మాట్లాడాలి."

"ఏ విషయమో చెప్పండి."

"అది ఆయనకే చెబుతాం."

ఇదే ప్రశ్న, ఇదే జవాబు చాలాసేపు అటూ ఇటూ తిరిగాయి. చుట్టలొచ్చాయి, తాగడానికి ఏదో వచ్చింది. మర్యాదలకు లోటు లేదు. కైజరు మాత్రం పైనుంచి దిగలేదు. మీరు ప్రభుత్వం తరఫున వచ్చారా అని ఆయన కబురంపితే లీ అబద్ధమాడలేకపోయాడు, కాదన్నాడు. ఈలోగా బయట డచ్ సైనికులు కోటను చుట్టుముట్టారు. ఏడుగురూ లేచి మర్యాదగా సెలవు తీసుకుని బయటపడ్డారు. వాళ్ళలో కెప్టెన్ లారీ మెక్‌ఫెయిల్ మాత్రం వట్టి చేతులతో రాలేదు. బల్ల మీది కంచు యాష్‌ట్రే ఆయన జేబులో పడింది. దాని మీద కైజరు పేరు పొడి అక్షరాలున్నాయి. ఈ మెక్‌ఫెయిలే తర్వాత అమెరికా బేస్‌బాల్ రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

కైజరును ఎత్తుకెళ్ళి అధ్యక్షుడు విల్సన్‌కు కొత్త సంవత్సరం కానుకగా ఇద్దామనుకున్నానని లీ ఆ తర్వాత చెప్పుకున్నాడు. సైన్యం విచారణ జరిపి, ఇది ఒళ్ళు తెలియని పని అని మందలించి వదిలేసింది. నవ్వొచ్చే మాట నిజమే. కానీ యుద్ధానికి కారకుడని ప్రపంచంలో సగం మంది నమ్మిన మనిషి చుట్టూ నాలుగేళ్ళ యుద్ధం తర్వాత నడిచిన వ్యవహారంలో కైజరు తాలూకు వస్తువేదైనా మిత్రరాజ్యాల చేతికి చిక్కిందంటే, ఆ యాష్‌ట్రే ఒక్కటే.

కైజరు రెండో విల్‌హెల్మ్ అక్కడికి ఎలా చేరాడో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1918 నవంబరు 9న బెర్లిన్‌లో విప్లవం వచ్చింది. ఆయన అప్పుడు బెల్జియంలోని స్పా పట్టణంలో, సైనిక ప్రధాన కేంద్రంలో ఉన్నాడు. ఆయన సింహాసనం వదులుకున్నాడని ఆయన్ను అడక్కుండానే ప్రధానమంత్రి ప్రకటించేశాడు. మర్నాడు తెల్లవారుజామునే సరిహద్దు దాటి హాలండులోని ఐస్డెన్ స్టేషను చేరాడు. పైనుంచి అనుమతి వచ్చేదాకా కొన్ని గంటలు ఆ ప్లాట్‌ఫారం మీదే పచార్లు చేశాడు. 11న, తుపాకులు మూగబోయిన రోజున, ఆమరోంగెన్ కోటలో అడుగుపెట్టగానే ఆయన అడిగింది ఒక కప్పు మంచి ఇంగ్లీషు టీ అని చెబుతారు. విక్టోరియా రాణి మనవడు కదా! లండన్‌లో గద్దె మీదున్న అయిదో జార్జి ఆయనకు మేనమామ కొడుకే.

ఆ లండన్‌లోనే ఎన్నికల కాలం మొదలైంది. కైజరును ఉరి తీయాలన్న కేక ఊరూరా మారుమోగింది. 1918 డిసెంబరు ఎన్నికల్లో ప్రధాని లాయిడ్ జార్జి ఆ కేకనే తెడ్డుగా వేసి ఒడ్డు చేరాడు. ఇదంతా ఓట్ల కోసమే అని కొట్టేసే చరిత్రకారులున్నారు. నాకు అలా అనిపించదు. నవంబరులో బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ మంత్రివర్గంలో జరిగిన చర్చ చదివితే, ఇప్పటికీ తెగని వాదనలన్నీ అప్పుడే ఆ బల్ల మీదికొచ్చాయని తెలుస్తుంది. ప్రభుత్వ ప్రధాన న్యాయవాది ఎఫ్.ఇ. స్మిత్ వాదన సూటిగా ఉంది: జలాంతర్గాములు నడిపిన కుర్ర కెప్టెన్లను శిక్షించి, వాళ్ళకు ఆజ్ఞలిచ్చినవాణ్ణి వదిలేస్తే జనం ఏమనుకుంటారు? చక్రవర్తి గనక తప్పించుకున్నాడనుకోరా?

దీన్ని అడ్డుకున్నవాడు ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్. మనిషి కరుకు, జర్మనీ మీద జాలి అసలే లేదు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. ప్రపంచాన్ని యుద్ధంలోకి దించే హక్కు కైజరుకు నిక్షేపంలా ఉంది. ఇప్పుడు ఆయన్ని చంపే హక్కు మనకూ ఉంది. అయితే అది ఆయన యుద్ధానికి దిగినందుకు కాదు, మనం గెలిచినందుకు. ఆ రోజు ఆ గదిలో ముసుగు లేకుండా మాట్లాడినవాడు హ్యూస్ ఒక్కడే అనుకుంటాను. అప్పటిదాకా ఉన్న చట్టం నిజంగానే అంతే. యుద్ధం ఎలా చేయాలన్నదానికి హేగ్ ఒప్పందాలున్నాయి. విషవాయువు వాడొద్దు, ఖైదీలను చంపొద్దు, నిరాయుధ పట్టణాలను కొట్టొద్దు. అసలు యుద్ధానికి దిగొచ్చా అంటే మాత్రం అది రాజుల ఇష్టం. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మనవాళ్ళన్నది న్యాయశాస్త్రంలో కూడా నిజమే అప్పటికి.

1919 జనవరి 25న పారిస్ శాంతి సభ ఈ పనికోసమే పదిహేనుగురితో ఒక సంఘం వేసింది. యుద్ధానికి కర్తలెవరు, వాళ్ళనేం చేయాలన్నది దాని ముందున్న ప్రశ్న. అధ్యక్షుడు అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్. మార్చి 29న నివేదిక వచ్చింది. యుద్ధాన్ని ముందే తలపెట్టి తెచ్చింది జర్మనీ, ఆస్ట్రియాలని తేల్చారు. బెల్జియం తటస్థంగా ఉంటుందని 1839లో ప్రష్యా సహా పెద్ద రాజ్యాలన్నీ సంతకాలు పెట్టాయి. ఆ మాట తప్పి 1914 ఆగస్టు 4న జర్మన్ సైన్యం బెల్జియంలో దిగడం ఘోరమన్నారు. ఆ నెలలోనే అక్కడ వేలాది పౌరులను కాల్చి చంపారు, లూవెన్ పట్టణంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు. ఇంతా చెప్పి చివరికి, దురాక్రమణ యుద్ధం చేయడం ఇప్పటి చట్టం ప్రకారం నేరం కాదు కనుక ఆ కారణంతో ఎవర్నీ కోర్టుకీడ్చలేం అని రాశారు. రేపటి కోసం చట్టం చేసుకుందాం, నిన్నటికి ఖండనతో సరిపెడదాం అన్నారు. యుద్ధంలో జరిగిన అకృత్యాలకు మాత్రం రాజైనా సరే విచారించవచ్చన్నారు.

ఆ మాత్రానికి కూడా లాన్సింగ్ ఒప్పుకోలేదు. దేశాధినేత తన ప్రజలకే జవాబుదారీ, పరాయి దేశాల కోర్టుకు కాదని విడిగా అసమ్మతి పత్రం రాశాడు. జపాన్ ప్రతినిధులు కూడా దేశాధినేతల సంగతి దగ్గర తమకు సందేహాలున్నాయన్నారు. టోక్యోలో ఉన్నది సాక్షాత్తూ దైవాంశ అనే చక్రవర్తి. ఇవాళ జర్మనీ చక్రవర్తికి తెరిచిన తలుపు రేపు ఎవరికి తెరుచుకుంటుందో వాళ్ళు ఊహించారు. ఆ ఊహ ఎంత నిజమైందో వచ్చే భాగాల్లో చూస్తాం.

నివేదిక నలుగురు పెద్దల ముందుకొచ్చింది. లాయిడ్ జార్జి, ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో, విల్సన్, ఇటలీ ప్రధాని ఓర్లాండో. ఏప్రిల్ 8న పారిస్‌లో వీళ్ళ మధ్య వాదన జరిగింది. లాయిడ్ జార్జి, క్లెమెన్సో పట్టు వదల్లేదు. విల్సన్‌కు ఇష్టం లేదు. తల నరికించుకోబట్టే ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ అంతటి అబద్ధాలకోరు కూడా కవుల నోట అమరవీరుడయ్యాడని గుర్తు చేశాడు. చివరికి మర్నాడు తనే కలం పట్టి రాజీ ముసాయిదా రాశాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన ముసాయిదా అది. వెర్సాయ్ సంధిలో 227వ నిబంధనగా మారింది అదే.

దాని సారం ఇదీ: మాజీ జర్మన్ చక్రవర్తి హోహెన్‌జోలర్న్ విల్‌హెల్మ్ అంతర్జాతీయ నీతికీ, ఒప్పందాల పవిత్రతకూ వ్యతిరేకంగా మహాపరాధం చేసినందుకు ఆయన్ని బహిరంగంగా నిలదీస్తారు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్‌ల నుంచి ఒక్కొక్కరు చొప్పున అయిదుగురు జడ్జీలు కూర్చుంటారు. ఏ శిక్ష వేయాలో వాళ్ళే నిర్ణయిస్తారు. ఆయన్ని అప్పగించమని హాలండును అడుగుతారు.

ఇందులో చట్టం అన్న మాట కోసం వెతకండి, దొరకదు. విల్సన్ మొదటి చిత్తులో ఇది క్రిమినల్ చట్టం కింది నేరం కాదని కూడా రాసుకున్నాడు. నీతి తప్పాడట, కానీ నేరం చేయలేదట. శిక్ష మాత్రం వేస్తారట, ఎంతో చెప్పరట. మన జిల్లా కోర్టులో కొత్తగా నల్లకోటు వేసుకున్న లాయరు కూడా ఈ కేసును మొదటి వాయిదాలోనే కొట్టించేయగలడు. పెద్ద పెద్ద న్యాయకోవిదులు పక్కనే ఉండగా ఇంత డొల్ల వాక్యం ఎలా వచ్చింది? చాతకాక అని నేననుకోను. దురాక్రమణ యుద్ధం నేరం అని ఒక్కసారి చట్టం రాస్తే అది రాసినవాళ్ళనూ కట్టేస్తుంది. నీతి అయితే ఎవర్నీ కట్టేయదు. ఆ నలుగురిలో ముగ్గురు వలస సామ్రాజ్యాలున్నవాళ్ళు. నాలుగోవాడి సైన్యం అప్పటికే హైతీలో దిగి ఉంది. కైజరు ఒక్కడి కొలతకు కుట్టిన చొక్కా కావాలి వాళ్ళకు, ఇంకెవరికీ పట్టకూడదు.

ఫిర్యాది స్థానంలో బెల్జియాన్ని నిలబెడదామనుకున్నారు. దెబ్బ తిన్నది వాళ్ళే కదా. బెల్జియం విదేశాంగ మంత్రి హైమాన్స్ మాకొద్దన్నాడు. మాదీ రాజరికమే, ఒక రాజును కోర్టుకు ఈడ్చే పని మా చేత చేయించకండి అని తప్పుకున్నాడు. అదే బెల్జియం పాత రాజు రెండో లియోపోల్డ్ రబ్బరు కోసం కాంగోను పీల్చి పిప్పి చేసి 1909లో తన మంచం మీద హాయిగా చనిపోయాడు. నీతి లెక్కలు మొదలుపెడితే ఆ బల్ల చుట్టూ చేతులు శుభ్రంగా ఉన్నవాడు కనిపించడం కష్టం.

ఆ లెక్కలో ఇంకో తేదీ ఉంది. విల్సన్ ముసాయిదా రాసింది ఏప్రిల్ 9న. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 13న, అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్. జనరల్ డయ్యర్ సైనికులు 1,650 తూటాలు పేల్చారు. సర్కారు లెక్క ప్రకారమే చచ్చిపోయినవాళ్ళు 379 మంది. డయ్యర్ ఉద్యోగం పోయింది, అంతకు మించి ఏ కోర్టూ ఆయన్ని పిలవలేదు. 1920 జూలైలో బ్రిటిష్ ప్రభువుల సభ 129–86 ఓట్లతో ఆయన పక్షానే నిలిచింది. అమృత్‌సర్ కాల్పులు జరిగి మూడు నెలలు తిరక్కముందే, 1919 జూన్ 28న, వెర్సాయ్ అద్దాల మందిరంలో భారతదేశం పేరిట కూడా సంధి మీద సంతకాలు పడ్డాయి. పెట్టినవాళ్ళు బ్రిటిష్ మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజా గంగాసింగ్. అంటే కైజరును బోనెక్కించాలన్న 227వ నిబంధన కింద మన పేరు కూడా ఉంది.

మన పేరు ఉండటానికి కారణాలు లేకపోలేదు. పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి ఆ యుద్ధంలో పనిచేశారు, 70 వేలమందికి పైగా తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి కైజరు నౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. తెలుగు జిల్లాల రాజధాని కూడా అప్పుడు మద్రాసే.

కైజరు ఆలోచనల్లో మన దేశానికి చోటుందని ఎలా తెలుసో చెప్పాలి. రాజరికం కూలాక కొత్త ప్రభుత్వం కార్ల్ కౌట్‌స్కీ అనే సోషలిస్టు పండితుణ్ణి విదేశాంగ శాఖ దస్తావేజుల గదిలోకి పంపింది. ఆయన 1914 జూలై నాటి తంతి వార్తలు, ఉత్తరాలు పోగుచేశాడు. 1919 చివర్లో అవి అచ్చయ్యాయి. వాటి అంచుల్లో కైజరు తన చేత్తో రాసుకున్న వ్యాఖ్యలు ఉన్నాయి. ఆశ్చర్యార్థకాలు, తిట్లు, అడ్డగీతలు. ఏ లాయరుకైనా నోరూరే సాక్ష్యం అది.

జూలై 30న ఒక తంతి అంచున ఆయన పెద్ద వ్యాఖ్యే రాశాడు. ఇంగ్లండే తనను వల వేసి పట్టిందనీ, ఆ వ్యాపారి జాతి మీద ముస్లిం ప్రపంచమంతా తిరగబడేలా టర్కీలో, ఇండియాలో ఉన్న తమ మనుషులు నిప్పు పెట్టాలనీ, తాము నెత్తురోడి పోయినా ఇంగ్లండ్‌కు ఇండియా అయినా దక్కకూడదనీ దాని భావం. ఆ కోపంలోంచి పారిన జర్మన్ డబ్బు, ఆయుధాల ఆశలే అమెరికాలో భారతీయ విప్లవకారులు పెట్టుకున్న గదర్ పార్టీ దాకా వచ్చాయి. అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళి గదర్‌లో చేరి, సయాంలో పట్టుబడి జైళ్ళ పాలైన మన దరిశి చెంచయ్య కథకు ఒక కొస అక్కడుంది.

ఆ దస్తావేజులతో కైజరును నిజంగా విచారించి ఉంటే ఏం తేలేది? ఇదే నాకు అన్నిటికన్నా రుచికరమైన ప్రశ్న. ప్రాసిక్యూషన్‌కు బలమైన పత్రం జూలై 5 నాటిది. ఆ రోజు పోట్స్‌డామ్‌లో ఆస్ట్రియా రాయబారితో భోజనం దగ్గర, సెర్బియా మీద మీరేం చేసినా మా అండ ఉంటుందని ఆయన మాటిచ్చేశాడు. అడగని రష్యా మీద కూడా భరోసా ఇచ్చాడు. మర్నాడే నౌక ఎక్కి నార్వే విహారానికి వెళ్ళిపోయాడు.

డిఫెన్స్‌కూ పత్రముంది. జూలై 28 ఉదయం, ఆస్ట్రియా హెచ్చరికకు సెర్బియా ఇచ్చిన జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని కైజరు రాశాడు. ఆస్ట్రియా బెల్‌గ్రేడ్‌లో ఆగి బేరం కుదుర్చుకుంటే చాలన్నాడు. ఆ మాటను ఆయన ప్రధాని బెత్‌మాన్ హోల్‌వెగ్ వియన్నాకు చేరవేయడంలో ఆలస్యం చేశాడు, చెప్పినా పదును తీసేసి చెప్పాడు. ఆ రోజే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 1న సైన్యం కదలాలన్న ఆజ్ఞ మీద సంతకం చేశాక ఇంగ్లండ్ తటస్థంగా ఉండవచ్చన్న వార్త వచ్చింది. కైజరు ఎగిరి గంతేసి, అయితే సైన్యాన్నంతా తూర్పుకు తిప్పమన్నాడు. సేనాధిపతి మోల్ట్‌కే, లక్షలమందిని తిప్పడం కుదరదు, రైళ్ళ పట్టీ ఏడాది ముందే తయారైంది అన్నాడు. ఆ రాత్రి మోల్ట్‌కే కుప్పకూలినంత పని అయింది. కాసేపటికి ఆ వార్త తప్పని తేలింది. ఇక నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని కైజరు చేతులు దులుపుకున్నాడు.

తిలా పాపం తలా పిడికెడు. దాన్ని ఒక్క మనిషి తల మీద ఎలా పెట్టాలన్నదే ఇలాంటి కేసులన్నిటిలో చిక్కు. నోటి దురుసు, గంటకో మాట, అహంకారం, అంతలోనే పిరికితనం కలగలిసిన మనిషి ఆయన. వీటిలో ఏదీ నేరం కాదు. కానీ ఆపగలిగిన సంతకం ఆయన చేతిలో ఉంది, ఆపలేదు. నేను జడ్జీనైతే బెల్జియం విషయంలో శిక్ష వేసేవాణ్ణి, మిగతా యుద్ధం విషయంలో రుజువు చాలదనేవాణ్ణి. మోల్ట్‌కే, బెత్‌మాన్ పక్క బెంచీ మీద లేకపోతే అదీ సగం న్యాయమే. మోల్ట్‌కే 1916లోనే పోయాడు. బెత్‌మాన్ హోల్‌వెగ్ మాత్రం 1919 జూన్‌లో క్లెమెన్సోకు రాశాడు: రాజ్యాంగం ప్రకారం బాధ్యత ప్రధానిది, చక్రవర్తికి బదులు నన్ను విచారించండి అని. ఎవరూ పట్టించుకోలేదు. జనానికి కావలసింది మీసాలు పైకి మెలేసిన ఆ మొహం, బెత్‌మాన్‌ది కాదు.

జర్మనీలో 227వ నిబంధనకూ దాని తర్వాతి నాలుగిటికీ అవమాన నిబంధనలని పేరు పడింది. అవి తీసేస్తే సంధి మీద సంతకం చేస్తామని చివరి వారంలో బేరమాడారు, కుదరలేదు. జూలై మొదట్లో లాయిడ్ జార్జి, విచారణ లండన్‌లోనే జరుగుతుందని కామన్స్ సభలో ప్రకటించేశాడు. తన పెద్ద బావ తన రాజధానిలోనే బోనులో నిలబడటం అయిదో జార్జికి మింగుడు పడలేదు.

సంధి 1920 జనవరి 10న అమల్లోకి వచ్చింది. వారం తిరక్కముందే హాలండుకు లేఖ వెళ్ళింది. సంతకం చేసిన క్లెమెన్సో ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే పదవి దిగిపోయాడు. అమెరికా సెనేట్ అసలు సంధినే తిరస్కరించింది, అంటే అయిదు కుర్చీల్లో ఒకటి అప్పటికే ఖాళీ.

డచ్ జవాబు జనవరి నెలాఖరులోపే వచ్చింది. మేం మీ సంధిలో లేం, అది మమ్మల్ని కట్టేయదు. మా ఇంట తలదాచుకున్నవాణ్ణి అప్పగించడం మా చరిత్రలో లేదు. చేసిన నాటికి ఏ చట్టమూ నేరమనని పనికి శిక్ష ఎలా వేస్తారు? చివరి మాట అందరూ దాటవేసేది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. నేరాలేమిటో ముందే రాసిపెట్టి, వాటిని విచారించే అంతర్జాతీయ కోర్టు రేపు నానాజాతి సమితి పెడితే మేమూ వచ్చి చేరతాం అన్నారు. ఫిబ్రవరిలో మిత్రరాజ్యాలు గొంతు పెంచి ఇంకో లేఖ రాశాయి. మార్చి 2న మళ్ళీ కాదన్నారు. తర్వాత రెండు వారాలకు కైజరు ఉట్రెక్ట్ రాష్ట్రం దాటి పోకూడదని రాణి పేరిట ఉత్తర్వు వచ్చింది. అందరూ లోలోపల ఊపిరి పీల్చుకున్నారనే చెప్పాలి, ఎందుకంటే ఆ పైన ఎవరూ గట్టిగా అడగలేదు.

అప్పగిస్తారేమోనన్న భయంతో ఆమరోంగెన్‌లో కైజరు గడ్డం పెంచాడు. చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పుట్టుకతోనే ఎడమ చేయి చచ్చుబడిన మనిషి, ఒంటిచేత్తో రంపం లాగుతూ రోజూ గంటల తరబడి అదే పని. బెంటింక్ గారి తోటలో చెట్లు వేల సంఖ్యలో నేలకూలాయి. దగ్గర్లోనే డోర్న్ అనే ఊళ్ళో సొంతంగా ఒక మేడ కొనుక్కుని 1920లో అక్కడికి మారాడు. బెర్లిన్ అంతఃపురాల నుంచి 59 రైలు వ్యాగన్ల నిండా సామాను వచ్చింది. రాతబల్ల దగ్గర కుర్చీకి బదులు గుర్రపు జీను ఉండేది. దాని మీద కూర్చుని, తప్పు తనది కాదని జ్ఞాపకాలు రాశాడు.

జర్మనీ అప్పగించాలని మిత్రరాజ్యాలు ఇచ్చిన ఇతరుల జాబితాలో ఎనిమిది వందలకు పైగా పేర్లున్నాయి. అది తగ్గి తగ్గి, 1921లో లైప్‌జిగ్‌లో జర్మన్ కోర్టు ముందు నిలబడ్డవాళ్ళు పన్నెండుగురు. సగం మంది విడుదలయ్యారు, మిగతావాళ్ళకు పడ్డవి చిన్న శిక్షలు.

1940 మే నెలలో జర్మన్ సైన్యం మళ్ళీ తటస్థ దేశాల్లోకి చొరబడింది. ఈసారి హాలండులోకి కూడా. తనను ఇరవై ఏళ్ళు కాపాడిన దేశం ఆక్రమణలో ఉండగానే, జూన్‌లో పారిస్ పడిపోయిందని తెలిసి కైజరు హిట్లర్‌కు అభినందనల తంతి ఇచ్చాడు. 1941 జూన్ 4న డోర్న్‌లోనే చనిపోయాడు. పద్దెనిమిది రోజులకు హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు.

1919లో అక్కరకు రాని ఆ 227వ నిబంధన ఆలోచనను దుమ్ము దులిపి బయటికి తీసింది మాస్కో మనిషి. ఆరోన్ త్రైనిన్ అనే న్యాయశాస్త్రవేత్త 1944లో హిట్లర్ ముఠా నేర బాధ్యత మీద పుస్తకం రాస్తూ, శాంతి మీద చేసే నేరం అని ఒకటి ఉండాలన్నాడు. ఆ పుస్తకానికి సంపాదకుడు విషిన్‌స్కీ, స్టాలిన్ బూటకపు విచారణల ప్రాసిక్యూటర్. వాళ్ళ దేశం అంతకు అయిదేళ్ళ ముందే ఫిన్లాండ్ మీద దాడి చేసి నానాజాతి సమితి నుంచి గెంటించుకుంది. అయినా మాట పనికొచ్చింది. లండన్‌లో నాలుగు దేశాల లాయర్లు కూర్చుని న్యూరెంబర్గ్ కోర్టుకు శాసనం రాసినప్పుడు విల్సన్ వదిలేసిన మాటను వీళ్ళు రాశారు: దురాక్రమణ యుద్ధానికి పథకం వేయడం, మొదలుపెట్టడం, నడపడం నేరం. దేశాధినేత అయినా సరే, ఆ పదవి అడ్డు రాదు.

ఆ శాసనం మీద సంతకాలు పడిన రోజు 1945 ఆగస్టు 8. హిరోషిమాకు రెండు రోజుల తర్వాత, నాగసాకికి ముందు రోజు.

ఆ శాసనాన్ని చూసి రాసిన ఇంకో శాసనం ప్రకారం మరుసటి ఏడాది టోక్యోలో జపాన్ నాయకులు బోనెక్కారు. చక్రవర్తి హిరోహితో ఎక్కలేదు. 1919లో వాళ్ళ ప్రతినిధులు దేన్ని చూసి జంకారో అది అమెరికా దయవల్ల తప్పిపోయింది. ఆ కోర్టులో కూర్చున్న పదకొండుగురు జడ్జీల్లో ఒకరు కలకత్తా నుంచి వెళ్ళినవారు. 1948లో తన విడి తీర్పులో ఆయన ముద్దాయిలందరూ నిర్దోషులన్నారు. అదే తీర్పులో, పసిఫిక్ యుద్ధంలో కైజరు ఆదేశాలకు దీటుగా నిలిచే పని ఏదైనా ఉంటే అది అణుబాంబు వేయాలన్న నిర్ణయం ఒక్కటే అని రాశారు. వచ్చే భాగం రాధావినోద్ పాల్ గురించి.